పక్కింటామె వేషం

సారమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పచ్చిపులుసులకు ఉల్లిగడ్డ పిసుకుతున్న. చేతులు కడుక్కొని వచ్చేసరికి ఒకసారి మోగి ఆగిపోయింది, మళ్ల మోగింది. "స్వరూపా, మా మౌనిక ఆట ఐతారం మీ జనగామల ఉన్నదే. మానుకోటల నేను రెండుసార్లు చూసిన. నీ పక్కన కూసొని ఇంకోసారి చూడాల్నని ఉన్నది, నేనొస్తున్న," అన్నది. మా నోట్లె మహబూబాబాద్ ఎప్పటికీ మానుకోటే. సారమ్మ పెండ్లయి అక్కడికి పోయి నలభై ఏండ్లు కావస్తున్నది. రమ్మన్న, బస్టాండుకు వస్తనన్న, ఫోన్ పెట్టేసిన. పెట్టేసినంక పోయి మళ్ల ఉల్లిగడ్డ పిసికిన. మౌనిక సారమ్మ బిడ్డ. హైదరాబాద్ల ఒక నాటక బృందంల పనిచేస్తది. వాళ్లు ఒక పాటల నాటకం పట్టుకొని జిల్లాలు తిరుగుతున్నరని, అందుల పెద్ద వేషం మౌనికదేనని నాకు ముందే తెలుసు. తెలిసి కూడ నేను సారమ్మకు ఫోన్ చెయ్యలేదు. సంతోషమని ఒక్క మాట అననీకి నాకు నోరు రాలేదు.

ఆ నాటకం కథ మనది కాదు. వందేండ్ల కిందటి అమెరికా పట్నం. బాకాలు, పియానో, డ్రమ్ములు, మోకాళ్ల మీద కుచ్చులు ఊగే గౌన్లు. హోటల్ల పాటలు పాడే ఒకామె తనను మోసం చేసిన హోటల్ యజమానిని పిస్తోలుతోటి కాల్చి జైలుకు పోతది. పోయినంక పేపరోళ్లు వెంటపడుతరు. ఆమె పెట్టుకున్న టోపీ అసుంటి టోపీలు బజార్ల అమ్ముతరు. కోర్టు బయట జనం పూలు చల్లుతరు. తర్వాత ఇంకెక్కడో ఇంకో హత్య జరిగేసరికి అందరు ఆమెను మరిచిపోతరు. పాటలు తెలుగుల రాసుకున్నరు, బాకా మాత్రం అక్కడిదే. జనగామల ఒక ఫంక్షన్ హాల్ల, సాయంత్రం ఆరింటికి, పెండ్లి కుర్చీలల్ల కూసొని చూసినం. మౌనిక నల్లగౌను వేసుకొని వచ్చి మొదటి పాట ఎత్తుకోంగనే హాలంత ఈలలు. ఆ పిల్ల గొంతుల ఒక జీర ఉన్నది. పై స్థాయిల గొంతు చీలినట్టయితది, చీలిన దగ్గరనే మనసు పట్టుకుంటది. ఆ జీర నాకు తెలుసు. పక్కకు తిరిగి చూస్తే సారమ్మ పెదవులు ప్రతి మాటకు కదులుతున్నయి. నాకు మండింది. అరవైకి దగ్గర పడ్డ మనిషిని, ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని. అయినా అది అదే మంట, భూపాలపల్లి క్వార్టర్లల్ల నాకు పద్దెనిమిదేండ్లప్పుడు మొదలైనది.

అప్పటికి క్వార్టర్లు కొత్తవి. రెండు అర్రలు, ముందట సిమెంటు గద్దె, వెనుక బట్టలుతుకుడు బండ. మా నాయిన బొగ్గుబాయిల పని. మొదటి షిఫ్టు దిగి నాలుగింటికి ఇంటికొచ్చేటోడు. వచ్చేసరికి అవ్వ కాగుల నీళ్లు ఉడికించి పెట్టాలె. స్నానం అయ్యేదాక ఆయన ఎవరితోటి మాట్లాడకపోయేది. మొదటి చెంబుకు నల్లటి నీళ్లు, రెండోదానికి బూడిద రంగు, ఐదారు చెంబులు పోసుకున్నంక ఆయన మొకం బయటపడేది. కనురెప్పల అంచుకు మాత్రం మసి పోకపోయేది, కాటుక పెట్టుకున్నట్టుండేది. అవ్వ వీపు రుద్దుకుంట ఆ రోజు బాయిల ఏం జరిగిందో వాసన పట్టినట్టు చెప్పేది. ఇంటింటికి బొగ్గుపొయ్యి. సాయంత్రం అన్ని పొయ్యిలు ఒకేసారి అంటుకుంటే వాడకట్టంత పొగ కమ్మేది, ఆరేసిన బట్టలు పరుగున తీసుకపోవాలె. మా నాయినమ్మ గద్దె మీద కూసొని వచ్చేటోళ్లను పొయ్యేటోళ్లను ఆపి వాళ్లింట్ల ఏం కూరో అడిగేది. చెప్పినదాక పోనియ్యకపోయేది. అడిగినంక మాకు చెప్పేది: "వాళ్లు గూడ పప్పే. మనమే కాదు." పక్కింట్ల మనకంటె మంచి కూర వండుకోలేదని తెలిస్తేనే ఆమెకు బువ్వ దిగేది. ఆ గుణం నాకు ఆమె నుంచే వచ్చిందని నేను చాన ఏండ్లు నవ్వుతాలకు అనుకున్న.

మా పక్క క్వార్టరే సారమ్మ వాళ్లది. ఒక్క గోడ మధ్యల. మేమిద్దరం ఒకే ఈడు. నేను మూడేండ్లుగా రాజలింగం సార్ దగ్గర పాట నేర్చుకుంటున్న. ఆయన బాయిల హాజరు రాసే గుమాస్తా, క్లబ్బు వరండాల హార్మోనియం పెట్టుకొని నాటక సమాజం నడిపేటోడు. దసరకు, వినాయక చవితికి నాతోనే పాడించేది. "పాట స్వరూప" అని నాకు పేరుండె. ఒంటరిగ పోవద్దని అవ్వ అంటే సారమ్మను నేనే తోలుకపోయిన. ఆమె మూలకు కూసొని వినేది, వచ్చేటప్పుడు తోవల అవే పాటలు తప్పులతోటి పాడేది. నేను దిద్దేది. గట్ల దిద్దుడంటె నాకు ఇష్టముండేది.

ఆ యేడే కొమురమ్మ సంగతి జరిగింది. ఘనపూర్ దిక్కు ఒక ఊర్ల, మిరపచేన్ల, మిట్టమధ్యాహ్నం, కొమురమ్మ అనే ఆమె మొగని తల మీద పారతోటి కొట్టింది. ఆయన అక్కడనే పోయిండు. ఏండ్లకేండ్లు ఆమెను గొడ్డును కొట్టినట్టు కొట్టిండని ఊరంత చెప్తరు, కొట్టేటప్పుడు మాత్రం ఎవరు అడ్డం పోలే. కోర్టుకు తీసుకపోయిన రోజు ఆమెను చూడనీకి ట్రాక్టర్లల్ల జనం పోయిన్రు. అంగడిల ఒక మొగుడు పెండ్లాం డప్పు కొట్టుకుంట ఆమె మీద పాట పాడి, ఆ పాట పుస్తకాలు అమ్మిన్రు. గాజులాయన పచ్చగాజులు చూపెట్టి "కొమురమ్మ గాజులు" అనేటోడు. సాక్ష్యం లేదని కోర్టు వదిలేసినంక ఆమె ఆ దిక్కే ఉన్న తల్లిగారింటికి వచ్చి ఉన్నది. రాజలింగం సార్ ఆ కథను ఆట కట్టిండు. పన్నెండు పాటలు. భూపాలపల్లి నుంచి జనగామ దాక తిరగాలని ప్లాను.

కొమురమ్మ వేషం నాదేనని నాకే కాదు, నాయినమ్మకు కూడ తెలుసు, వాడకట్టంత చెప్పుకొచ్చింది. వేషాలు పంచే రోజు సార్ సారమ్మను పిలిచి పాడుమన్నడు. ఆమె పాడింది. గొంతు చీలిన దగ్గర ఆయన హార్మోనియం ఆపి కండ్లు మూసుకున్నడు. "కొమురమ్మ సారమ్మే," అన్నడు.

"మరి నేను సార్?"

"నువ్వు పక్కింటామెవు బిడ్డా. మొగడు కొట్టేటప్పుడు గోడ మీంచి చూసి లోపలికి పోయే ఆమె. మూడుసార్లొస్తవు."

"పాట ఎన్నోది సార్ నాది?"

"ఆమెకు పాట లేదు."

నా మొకం చూసి ఆయనకు జాలైనట్టున్నది. "నీ గొంతు సాపుగుంటది స్వరూపా. తప్పు పట్టేటట్టు లేదు. కొమురమ్మ గొంతు సాపుగుండది," అన్నడు. ఇంటికొచ్చేటప్పుడు తోవల సారమ్మ నా చెయ్యి పట్టుకొని "నేను చెయ్యనే, నువ్వే చెయ్," అన్నది. నేను చెయ్యి గుంజుకొని "నాకెందుకే ఆ హంతకురాలి వేషం," అన్న.

ఆట మొదలైనంక మనిషికి పేరు వచ్చుడంటే ఏందో ఒక గజం దూరం నుంచి చూసిన. మొదటి ఆటకే సారమ్మ పేరు పోయి కొమురమ్మ అయ్యింది. బస్సుల కండక్టరు లేచి తన సీటు ఇచ్చేటోడు. మానుకోటల కోర్టు పాట మూడుసార్లు పాడించుకున్నరు. మాకందరికీ ఒకటే అద్దం ఉండె, అది ఆమె ముందరికి పోయింది, మేం ఒకరి మొకం ఒకరం చూసుకుంట రంగు పూసుకున్నం. పేపర్ల జిల్లా పేజీల ఆట ఫోటో పడ్డది. నిండుగ సారమ్మ, పక్కన గోడ మీద ఒక మోచేయి. ఆ మోచేయి నాది. అవ్వ ఆ ఫోటో కత్తిరించి దేవుని పటం పక్కన పెట్టింది, వచ్చినోళ్లకు "గిది మా స్వరూప చెయ్యి" అని చూపెట్టేది. నేను ఆ మాట విన్నప్పుడల్ల అర్రలకు పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. ఆట నడుస్తుంటే సారమ్మ గొంతు బొంగురుపోవాల్నని, మాట మరువాల్నని గోడెనుక నిలబడి మొక్కేది. ఒక్కనాడు కూడ మరువలేదు. పైగ ఆట అయినంక నా కాడికే వచ్చి "మూడో పాట సక్కగొచ్చిందా, నువ్వు చెప్తెనే నాకు నమ్మకం," అని అడిగేది. నేను బాగా వచ్చిన దగ్గర కూడ వంక పెట్టేది. ఆమె తెల్లారి దాన్ని దిద్దుకొని ఇంకా మంచిగ పాడేది.

జనగామ ఆటకు హైదరాబాద్ పట్నం నుంచి పాటలు రికార్డు చేసే ఒకాయన వస్తున్నడని, సారమ్మ గొంతు వినాల్నని అడిగిండని సార్ చెప్పిన వారమే ఇది. నాయిన షిఫ్టు దిగి వచ్చి స్నానం చేస్తున్నడు. స్నానం అయ్యేదాక నోరు తెరవని మా నాయిన, నల్లనీళ్లు కారుకుంట, సన్నగ ఒక రాగం తీస్తున్నడు. అది సారమ్మ కోర్టు పాట. నేను మూడేండ్లు ఆ ఇంట్ల పొద్దుమాపు పాడితే ఒక్క చరణం ఆయన నోటికి రాలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. తెల్లారి ఘనపూర్ల చిన్నమ్మను చూసొస్తనని చెప్పి బస్సెక్కిన. చిన్నమ్మ ఇంటికి పోలే. అడుక్కుంట అడుక్కుంట కొమురమ్మ ఊరికి పోయిన.

కొమురమ్మ వాకిట్ల ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నది. ఘాటుకు నాకు దగ్గొచ్చింది, ఆమెకు రాలేదు. బక్కపలుచని మనిషి, ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకర, ఎన్నడో విరిగి తప్పు అతుకు పడ్డది. ఆమెను చూడంగనే నాకు భయమైతదనుకున్న. కాలేదు.

"అక్కా, నీ మీద ఆట ఆడుతున్నరు, తెల్సా?" అన్న.

"పాట సంగతి తెల్సు. ఆట గూడనా?" తల ఎత్తలేదు.

"ఊర్లూర్లు తిరిగి ఆడుతున్నరు. నిన్ను గాజులు గలగలమనిపించుకుంట పాటలు పాడేదాని లెక్క చూపెడుతున్నరు. జనం ఈలలు కొడుతున్నరు. రేపు సాయంత్రం భూపాలపల్లి క్లబ్బు ముందట ఉన్నది. నువ్వొచ్చి అడిగితే ఆపుతరు."

ఆమె మిరపకాయ కింద పెట్టింది. "నన్నెవరు ఆడుతున్నరు?"

"సారమ్మని."

"మంచిగుంటదా?"

"మంచిగనే ఉంటది," అన్న.

"ఇంకా ఎక్కడెక్కడ ఆడుతరు?"

"తరిగొప్పుల, జనగామ..."

తరిగొప్పుల అనంగనే ఆమె లేచి నిలబడ్డది. నీళ్లు తాగి పొమ్మన్నది గని నేను ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల నాకు పండుగ లెక్క ఉండె. ఆ సంగతి దాచిపెడితే ఈ రాత దండుగ. నేను పాట కూడ పాడుకున్న.

తెల్లారి సాయంత్రం, మొదటి షిఫ్టోళ్లు స్నానాలు చేసి వచ్చే వేళకు, ఐదున్నరకు ఆట మొదలైంది. ఇంకా ఎండ ఉన్నది. కొమురమ్మ తమ్మున్ని తోలుకొని వచ్చి ఆడోళ్ల నడుమ కూసున్నది. గోడెనుక నుంచి నేనే చూసిన, ఇంకెవ్వరు గుర్తుపట్టలేదు. కోర్టు పాట వచ్చింది. సారమ్మ రెండు చేతులెత్తి గాజులు మోగించి పై స్థాయి ఎత్తుకున్నది, జనం ఈల వేసిన్రు. కొమురమ్మ లేచి సక్కగ స్టేజీ మీదికి నడిచొచ్చింది. తమ్ముడు "అక్కా" అని పిలిస్తే జనానికి అర్థమైంది. ఈలలు ఇంకా పెరిగినయి. ఆమెను చూసి చప్పట్లు కొట్టిన్రు. ఆమె సారమ్మ దగ్గర ఆగి, చప్పట్లు ఆగేదాక ఆగి, మెల్లగ చెప్పింది. మైకు ముందరనే ఉండె, అందరికి వినపడ్డది.

"నేను పాడలే బిడ్డా. ఒర్రిన. ఏడేండ్లు ఒర్రిన. ఎవ్వరు రాలే." తర్వాత గోడ మీదికి వంగి నిలబడ్డ నా దిక్కు తిరిగింది. "ఈ ఒక్క వేషం మాత్రం నిజమే. గిట్లనే చూసిన్రు."

నాకు ఆ ఆట మొత్తంల దొరికిన మెప్పు అది.

కొమురమ్మ సార్ దిక్కు తిరిగి రెండు చేతులు జోడించింది. "నా బిడ్డ తరిగొప్పులల నా ఆడిబిడ్డ ఇంట్ల ఉంటది. ఎనిమిదేండ్లది. నన్ను చూడనియ్యరు. మీ అవ్వ గిట్ల అని ఆ పిల్లకు ఆట కట్టి చూపెట్టకుండ్రి సారు. నాకు ఇంకేం వద్దు." సార్ ఏదో అనబోయిండు. ఆమె వినిపించుకోలేదు. "ఈ బిడ్డ మా ఇంటిదాక వచ్చి చెప్పకపోతే నాకు తెల్వకపోవు. సల్లగుండాలె," అని నా మొకం రెండు చేతులతోటి నిమిరింది. మిరప ఘాటు అంటిన చేతులు. నా కండ్లు మండి నీళ్లు కారినయి. జనం నేను ఏడుస్తున్ననుకున్నరు.

రాజలింగం సార్ హార్మోనియం మూసిండు. ఆట మళ్ల ఎక్కడా ఆడలేదు. పట్నం ఆయన జనగామకు వచ్చి ఎల్లిపోయిండో, రానే రాలేదో తెల్వదు. సారమ్మ ఆ సాయంత్రం గాజులు ఒక్కొక్కటి తీసి పెట్టెల వేసి, పెట్టె మూసి, వాళ్లవ్వ తోటి ఇంటికి పోయింది. వాడకట్టంత మా ఇంటికొచ్చింది. "పాటలేని వేషమేసి గూడ ఆడమనిషి బాధ అర్థం చేసుకున్నది," అన్నరు. నాయిన నా తల మీద చెయ్యి పెట్టి "మంచి పని చేసినవ్ బిడ్డా," అన్నడు. ఆయన నాకు ఇచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. నేను వద్దనలేదు. యేడు తిరగకముందే సారమ్మకు మానుకోటల సైకిల్ దుకాణమాయనతోటి పెండ్లి చేసిన్రు. నేను చదువుకున్న, టీచరు ఉద్యోగమొచ్చి జనగామల పడ్డ, కథలు రాసిన. మీటింగులల్ల నన్ను పరిచయం చేసే ప్రతి ఒక్కరు ఆ సంగతి ఎత్తుతరు, పద్దెనిమిదేండ్లకే ఒక అభాగ్యురాలి కోసం ఆట ఆపిన మనిషి అని. నేను తల దించుకుంట. అణకువ అనుకుంటరు. కొమురమ్మను తర్వాత నేను ఒక్కసారన్న చూడనీకి పోలే. ఆ బిడ్డ తల్లి దగ్గరికి చేరిందో లేదో నాకు తెల్వదు. నా మంచితనం ఎంతదో చెప్పనీకి ఈ ఒక్కటి చాలు.

ఇప్పుడు భూపాలపల్లిల ఇంటికింటికి గ్యాసు, సాయంత్రం పొగ లేదు. మేమున్న క్వార్టర్ల ఇంకెవరో ఉంటున్నరు, గద్దె పగులగొట్టి మోటర్ సైకిల్ ఎక్కేటట్టు చేసుకున్నరు. ఎక్కడన్న హత్యయితే అది గంట తిరగకముందే ఫోన్లల్లకు వస్తది, మాపటికి పాతబడుతది. పాట కట్టే తీరిక ఎవరికి లేదు. అప్పుడు నేను గోడవతల ఒక్క పిల్లను చూసి కుళ్లుకున్న. నా దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు ఎన్నడూ ఎదురుపడని వెయ్యిమందిని ఫోన్లల్ల చూసి కుళ్లుకుంట నిద్రపోతరు. వాళ్లది ఎక్కువ కష్టమా, నాదా, చెప్పలేను. వాళ్లకు కనీసం పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకొని "నువ్వే చెయ్" అనదు.

జనగామ ఆట అయినంక మౌనిక రంగు తుడుచుకోకుండనే మా కాడికి ఉరికొచ్చింది. సారమ్మ తెచ్చిన డబ్బల సకినాలు తీసి నోట్లె వేసుకుంట తోటి పిల్లలను పిలిచింది. "ఈమెనే మా స్వరూప పెద్దమ్మ. నేను చెప్పిన గద, కొమురమ్మ కోసం ఆటనే ఆపించిందని? నాకు ఈ వేషం దొరికినప్పుడు అమ్మ మొదలు ఆమె కథనే చెప్పింది." ఆ పిల్లలు నా కాళ్లకు వంగిన్రు. ఒకాయన ఫోన్ తీసి ఫోటో అన్నడు. సారమ్మ నవ్వుకుంట నా పక్కకు జరిగింది. ఆ నవ్వుల ఏ కపటం లేదు. మౌనిక మొకాన ఇంకా లైట్ల వేడి ఉన్నది, చెంపలు మెరుస్తున్నయి. ఆ క్షణంల కూడ, ఆ పిల్లను చూసి నాకు మండింది. ఆ మంటకే నాకు సిగ్గయింది.

"అట్ల కాదు బిడ్డా," అన్న. "నేను కొమురమ్మ కోసం పోలేదు. మీ అమ్మ మీద కుళ్లుతోటి పోయిన. ఆట ఆగిపోవాల్ననే పోయిన. జనగామకు పట్నం ఆయన వస్తున్నడని తెలిసి పోయిన."

పిల్లలకు ఏం చెయ్యాల్నో తెల్వక ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. సారమ్మ సకినాల డబ్బకు మూత పెట్టింది. అది పడలేదు, మళ్ల పెట్టింది. నా దిక్కు తిరిగింది.

"కొమురమ్మ చేతులు జోడించినప్పుడు నాకేమనిపించిందో తెల్సా? ఈ ఒక్క ఆట, జనగామది, ఆడనిస్తె బాగుండు అనిపించింది. ఆమె అట్ల మొక్కుతున్నా సరే నాకు పాడాల్ననే ఉండె. నువ్వేమో ఆమె కోసం అంత దూరం పోయినవు. నీ పక్కన నేనెంత చెడ్డదాన్నో అని నలభై ఏండ్లు అనుకున్న. మా ఆయనకు చెప్పిన, నా బిడ్డకు చెప్పిన, స్వరూప అసుంటి మనసు నాకు లేదని. నీ మంచితనం చూసి నేను కుళ్లుకున్ననే." గొంతు చీలింది. "పాట పోతే పోయింది. నేను గూడ మంచిదాన్నే అనుకునే నమ్మకం ఎందుకు తీసుకున్నవు నా దగ్గర?"

ఆమె నాతోటి ఇంటికి రాలేదు. పిల్లల వ్యానులనే ఎక్కి పోయింది.

నెల రోజులు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. నా బతుకు కథల ఈ అధ్యాయం రాసినంక, ఆమెకు వినిపించకుండ అచ్చు వెయ్యనని మౌనికకు చెప్పి పంపిన. మొన్న పొద్దున ఆమెనే చేసింది. "చదువు," అన్నది, అంతే. మొదటి నుంచి చివరిదాక చదివిన. నడుమ నడుమ ఆమె ఊపిరి మాత్రం వినపడుతున్నది. అయిపోయినంక వేసుకోవచ్చా అని అడిగిన.

"వేసుకో," అన్నది. "దీనికి గూడ పేరు నీకే వస్తది," అని ఫోన్ పెట్టేసింది.